ఆపరేషన్‌కి వెళ్లే బిడ్డకి అబద్ధం చెప్పొచ్చా?





పంచశీల మనం రోజూ చెప్పుకుంటాం. నాలుగో శీలం దగ్గర, అసత్యం పలకను అని నోరారా అంటాం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మన చేత చేయించిన 22 ప్రతిజ్ఞల్లో కూడా అబద్ధమాడను అనే మాట ఉంది. బజారులో, ఆఫీసులో, కోర్టులో ఈ శీలం తప్పితే మనకి కొంచెమైనా సిగ్గేస్తుంది. సిగ్గు వేయకుండా తప్పే చోటు మాత్రం ఒకటుంది. అది మన ఇల్లే. ఎదుట ఉన్నది మన పిల్లలే.

"ఊరికే చూపించుకుని వచ్చేద్దాం పద." "సూది వెయ్యరులే." "నొప్పే ఉండదు." "ఐస్‌క్రీమ్ కొనిపెడతా, ఏడవకు."

బిడ్డకి ఆపరేషన్ అని తేలిన ఇంట్లో ఈ మాటలన్నీ వినపడతాయి. వీటిలో స్వార్థం లేదు. మోసం చేయాలనే బుద్ధీ లేదు. బిడ్డ భయపడుతుంటే చూడలేక, ప్రేమతో చెప్పే మాటలే. అందుకే ఈ ప్రశ్న చిక్కుగా ఉంటుంది. ప్రేమతో చెప్పిన అబద్ధం కూడా శీలభంగమేనా? నిజం చెప్పి చిన్న ప్రాణాన్ని వణికించడం కరుణ ఎలా అవుతుంది? శీలానికీ కరుణకీ గొడవ వస్తే మీరు దేని వైపు నిలబడతారు?

ఒక్క ఆపరేషన్‌తో అయిపోని బిడ్డ

మాట గాలిలో ఉండకుండా ఒక ఉదాహరణ తీసుకుందాం. గ్రహణం మొర్రి. ప్రపంచంలో దాదాపు 700 కాన్పులకి ఒక బిడ్డ ఇలా పుడుతోందని వైద్యుల అంచనా. గర్భం నిలిచిన తొలి వారాల్లో పై పెదవి, అంగిలి రెండు వైపుల నుంచి వచ్చి మధ్యలో కలవాలి. కలవకపోతే చీలిక మిగిలిపోతుంది. వంశపారంపర్యం, పోషకాహార లోపం, పొగ, కొన్ని రకాల మందులు ఇందుకు కారణం కావచ్చు. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. కానీ మన భాషలో ఆ పేరులోనే మూఢనమ్మకం కూర్చుంది. తల్లి గ్రహణం వేళ బయటికొచ్చిందని, కత్తిపీట ముట్టుకుందని నింద ఆమె మీద పడుతుంది.

ఈ బిడ్డకి పెదవి ఆపరేషన్ సాధారణంగా 3 నుంచి 6 నెలల మధ్య చేస్తారు. అంగిలి ఆపరేషన్ ఏడాది అటూ ఇటూగా. అంతటితో అయిపోదు. పై చిగురులో కూడా చీలిక ఉంటే 8 నుంచి 11 ఏళ్ల మధ్య, కోరపన్ను దిగకముందే, తుంటి ఎముక నుంచి కొంచెం తీసి అక్కడ నింపుతారు. పెద్దయ్యాక ముక్కు, దవడ సరిచేయాల్సి రావచ్చు. మొదటి రెండింటినీ బిడ్డ గుర్తుపెట్టుకోదు. తొమ్మిదేళ్లకి చేసేది మాత్రం జీవితాంతం గుర్తుంటుంది.

ఆ తొమ్మిదేళ్ల పాపకి "ఊరికే చూపించుకుని వచ్చేద్దాం" అని చెప్పి తీసుకెళ్లారనుకోండి. ఆ పూటకి ఏడుపు ఆగింది. థియేటర్‌లో ముఖం మీదికి మాస్కు వచ్చాక సంగతి తెలిసింది. లేచేసరికి నోట్లో కుట్లు, నడుము పక్కన నొప్పి. ఆ పాపకి అర్థమయ్యేది ఒక్కటే: అమ్మ చెప్పింది జరగలేదు. రేపు డ్రెస్సింగ్‌కి తీసుకెళ్లినా, ఏడాది తర్వాత పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినా, మీరు "ఏం కాదు" అనగానే ఆ బిడ్డ గుండె దడదడలాడుతుంది. ఎందుకంటే "ఏం కాదు" అంటే ఏదో కాబోతోంది అని మీరే నేర్పారు.

అబద్ధం ఒక్కసారే పనిచేస్తుంది. ఆ ఒక్కసారికి మనం ఖర్చుపెట్టేది బిడ్డ దగ్గరున్న ఒకే ఒక్క ఆస్తిని, అంటే మన మీది నమ్మకాన్ని.

సల్ల సుత్తంలో బుద్ధుడు రెండు బాణాల సంగతి చెబుతాడు. దేహానికి తగిలే నొప్పి మొదటి బాణం. ఆ నొప్పి చుట్టూ మనసు అల్లుకునే భయం, దుఃఖం, కోపం రెండో బాణం. సూది మొదటి బాణం. దాన్ని మనం ఆపలేం, ఆపకూడదు కూడా, అది చికిత్స. "నన్ను మోసం చేశారు" అన్నది రెండో బాణం. పెద్దవాళ్లు ఆ రెండో బాణాన్ని తమకు తామే వేసుకుంటారు. పిల్లల విషయంలో దాన్ని తెచ్చి అందించేది మనమే.

రాహులుడికి చెప్పిన పాఠం

అబద్ధం గురించి బుద్ధుడు చేసిన బోధల్లో ముఖ్యమైనది ఒక పిల్లవాడికి చేసింది అని మీకు తెలుసా? అంబలట్ఠిక రాహులోవాద సుత్తం. రాహులుడికి అప్పటికి ఏడేళ్లని సంప్రదాయం. రాజగృహం దగ్గర ఒక సాయంత్రం బుద్ధుడు కాళ్లు కడుక్కుని, పాత్రలో కాసిన్ని నీళ్లు మిగిల్చి రాహులుడికి చూపిస్తాడు. తెలిసి అబద్ధమాడడానికి సిగ్గుపడనివాడిలో సాధుత్వం ఆ నీళ్లంతే ఉంటుందంటాడు. తర్వాత ఆ నీళ్లు పారబోస్తాడు, పాత్ర బోర్లిస్తాడు, ఖాళీ పాత్ర చూపిస్తాడు. నవ్వులాటకి కూడా అబద్ధం ఆడొద్దు అనేది ఆ పాఠం. అశోక చక్రవర్తి కూడా రాజస్థాన్‌లోని బైరాట్ దగ్గర దొరికిన శాసనంలో, అందరూ తరచూ వినాలని చెప్పిన బోధల్లో దీన్ని పేర్కొన్నాడు.

గమనించండి. బుద్ధుడు ఏడేళ్ల పిల్లవాడిని నిజం అర్థం చేసుకోగల మనిషిగా చూశాడు. అతనికి తెలిసిన వస్తువుతో, చెంబూ నీళ్లతో, అతనికి అర్థమయ్యేలా చెప్పాడు. మనమేమో పిల్లల్ని అబద్ధమాడొద్దంటాం, ఆ పిల్లలకే అబద్ధం చెబుతాం. వాళ్లు మన మాట కంటే మన నడత చూసి నేర్చుకుంటారు.

కటువైన నిజం ఎప్పుడు చెప్పాలి?

"మరి నిజం పేరుతో కత్తి, రక్తం, కుట్లు అన్నీ వర్ణించి చెప్పాలా?" అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. దీనికి అభయరాజకుమార సుత్తంలో జవాబు ఉంది.

ఇతరులకి నచ్చని మాట బుద్ధుడు మాట్లాడతాడా అని అభయుడు అడుగుతాడు. ఆ సమయానికి అభయుడి ఒడిలో ఒక పసిబిడ్డ ఉంది. ఈ బిడ్డ పుల్లో, రాయో నోట్లో పెట్టుకుంటే ఏం చేస్తావని బుద్ధుడు తిరిగి అడుగుతాడు. రక్తం వచ్చినా సరే వేలు పెట్టి తీసేస్తాను, బిడ్డ మీద కరుణతోనే తీస్తాను అంటాడు అభయుడు. అప్పుడు బుద్ధుడు మాటకి కొలత చెబుతాడు. నిజం కాని మాట, మేలు చేయని మాట ఆయన పలకడు. నిజమై, మేలు చేసేదై ఉంటే, వినేవాళ్లకి ఇష్టమైనా కష్టమైనా, తగిన సమయం చూసి పలుకుతాడు.

నిజం, మేలు, సమయం. ఈ మూడింటినీ ఆస్పత్రికి తీసుకెళ్లండి. చెప్పే ప్రతి మాటా నిజమై ఉండాలి. అంతమాత్రాన ప్రతి నిజాన్నీ చెప్పాలని లేదు. చర్మాన్ని ఎలా కోస్తారో వర్ణించడం నిజమే, కానీ బిడ్డకి దాని వల్ల మేలు లేదు. అడగనిది చెప్పకపోవడం అబద్ధం కాదు, అడిగినదానికి వంకర జవాబివ్వడం అబద్ధం. సమయం సంగతి కూడా అంతే. ఆరేళ్లు పైబడిన పిల్లలకి ఐదారు రోజుల ముందే చెబితే మనసులో సర్దుకునే వ్యవధి దొరుకుతుందని పిల్లల వైద్యంలో పరిశోధనలు చెబుతున్నాయి. మూడు నాలుగేళ్ల పిల్లలకి ఒకటి రెండు రోజుల ముందు చాలు. చాలా ముందు చెబితే వాళ్లకి రోజుల లెక్క తెలియక భయం పెరుగుతుంది. థియేటర్ గుమ్మం దగ్గర చెప్పడం మాత్రం ఏ వయసుకీ సరికాదు.

జీవకుడు అబద్ధం చెప్పలేదా?

ధమ్మం తెలిసినవాళ్లు ఒక అడ్డు ప్రశ్న వేస్తారు. వినయ పిటకంలో జీవకుడి కథ ఉంది కదా అని. రాజగృహంలో ఒక శ్రేష్ఠికి ఏడేళ్లుగా తలనొప్పి. జీవకుడు అతన్ని అడుగుతాడు: ఒక పక్కకి ఏడు నెలలు, రెండో పక్కకి ఏడు నెలలు, వెల్లకిలా ఏడు నెలలు పడుకోగలవా అని. అతను ఒప్పుకున్నాక తల తెరిచి చికిత్స చేస్తాడు. శ్రేష్ఠి ఒక్కో పక్కకి ఏడు రోజులకంటే ఓర్చుకోలేకపోతాడు. మొత్తం 21 రోజులకి నయమవుతుంది. అప్పుడు జీవకుడు అసలు సంగతి చెబుతాడు: నెలలని చెప్పకపోతే నువ్వు ఈ రోజులు కూడా పడుకునేవాడివి కాదు అని.

ఈ కథని దాచాల్సిన పని లేదు. అయితే మనం చెప్పే అబద్ధానికి దీన్ని సాక్ష్యంగా తెచ్చేముందు మూడు తేడాలు చూడండి. ఒకటి, జీవకుడు కష్టాన్ని ఎక్కువ చేసి చెప్పాడు, మనం లేదని చెబుతున్నాం. రెండు, అతను అడిగి, ఒప్పించి మొదలుపెట్టాడు, మనం బిడ్డని అడగనే అడగం. మూడు, పని అయ్యాక తనే నోరు విప్పి నిజం చెప్పాడు, మనం ఎప్పుడైనా పిల్లల దగ్గర కూర్చుని "ఆ రోజు నీకు అబద్ధం చెప్పాం" అన్నామా? అదీగాక జీవకుడు గొప్ప వైద్యుడే కానీ, శీలానికి మనం కొలతగా పెట్టుకున్నది బుద్ధుణ్ని.

తాయత్తు థియేటర్ గుమ్మం దాటదు

ఇక మన ఇళ్లలో జరిగే అసలు గొడవకి వద్దాం. మీరు దీక్ష తీసుకున్నారు. అమ్మమ్మ తీసుకోలేదు. బిడ్డకి ఆపరేషన్ అనగానే ఆమె ఎర్రదారం తెస్తుంది, ముడుపు కడుతుంది, తలనీలాలు మొక్కుతుంది. "మీ బుద్ధుడు ఏం కాపాడతాడే?" అని అడుగుతుంది. మీకు లోపల ఎక్కడో కలుక్కుమంటుంది. కాదని, రేపు ఏదైనా జరిగితే?

ఆ ముసలామె మీద కోపం వద్దు. ఆమె చేతికి దొరికిన ధైర్యం అదొక్కటే. కానీ బిడ్డ వైపు నుంచి ఆలోచించండి. "ఈ దారం ఉన్నంతసేపు నీకేం కాదు" అని చెప్పి కట్టారు. ఆపరేషన్ రోజు ఆస్పత్రి వాళ్లు గొలుసులు, గాజులు, తాయత్తులు, దారాలు అన్నీ తీయించేస్తారు. అది నియమం. అంటే, బిడ్డకి ధైర్యం అవసరమైన సరిగ్గా ఆ నిమిషంలో, ఆ ధైర్యాన్ని కత్తెరతో తుంచి పళ్లెంలో పడేస్తారు. బయటి వస్తువులో పెట్టిన ధైర్యం గతి ఇంతే.

అందుకని దారం స్థానంలో బుద్ధుడి లాకెట్ కడితే? అదీ తీసేస్తారు. బుద్ధుడు మార్గదాతే కానీ మోక్షదాత కాడని బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో స్పష్టం చేశారు. త్రిశరణం తాయత్తు మంత్రం కాదు. బిడ్డతో కలిసి త్రిశరణం చెప్పుకోండి, తప్పకుండా చెప్పుకోండి. కానీ "ఇది చెబితే నొప్పి రాదు" అనొద్దు. "నొప్పి వచ్చినా మనం తట్టుకుందాం, కలిసి ఉందాం" అనే మాటగా చెప్పుకోండి. అమ్మమ్మతో వాదన బిడ్డ ముందు పెట్టుకోకండి. ఆమెకి ఒక పని అప్పజెప్పండి. బిడ్డ లేచేసరికి పక్కన ఉండి కథ చెప్పడం ఆమె కంటే బాగా ఎవరు చేస్తారు?

ఇంకొక విషం గురించి కూడా. "ఏ జన్మలో ఏం పాపం చేసిందో" అనే మాట బిడ్డ చెవిన పడనివ్వకండి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు జబ్బుని శిక్షగా అనుకోవడం మామూలే. "అల్లరి చేస్తే డాక్టరు చేత సూది వేయిస్తా" అని మనమే బెదిరించి ఉంటాం కూడా. గత జన్మ కర్మ సిద్ధాంతం పేదల కష్టానికి సమాజాన్ని బాధ్యత నుంచి తప్పించే ఎత్తని బాబాసాహెబ్ ఎండగట్టారు. ఆ ఎత్తు పసిబిడ్డ మీద మరీ క్రూరంగా పనిచేస్తుంది. కాబట్టి నోరు తెరిచి చెప్పండి: "ఇది నీ తప్పు వల్ల రాలేదు. ఎవరి తప్పూ కాదు. ఆపరేషన్ శిక్ష కాదు."

మన భయం ఎక్కడిది?

తల్లిదండ్రుల వణుకు పిల్లలకి అంటుకుంటుంది. అందుకే మన భయాన్ని కూడా చూసుకోవాలి. మన జనానికి ఆస్పత్రి భయం ఊరికే రాలేదు. బాబాసాహెబ్ తన జ్ఞాపకాల రచనలో కథియవాడ్‌లోని ఒక అంటరాని ఉపాధ్యాయుడి సంగతి రాశారు. 1929లో 'యంగ్ ఇండియా'లో అచ్చయిన ఉత్తరం అది. బాలింత అయిన భార్యకి జబ్బు చేస్తే, డాక్టరు వాడలోకి రానన్నాడు. ఆమెనే బయటికి తెమ్మన్నాడు. థర్మామీటరు తన చేత్తో పెట్టలేదు. ఒక ముస్లిం చేతికి ఇస్తే, అతను భర్తకి, భర్త ఆమెకి ఇచ్చారు. ఆమె బతకలేదు.

ఆ కాలం నుంచి మనం చాలా దూరం వచ్చాం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక, ఎన్నో పేద ఇళ్లు పెద్ద ఆస్పత్రి మెట్లెక్కాయి. అయినా డాక్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడే అలవాటు పోలేదు. అడగడానికి నోరు రాదు. బోధించు, సమీకరించు, పోరాడు అన్న తండ్రి బిడ్డలం మనం. అడగండి. మత్తు ఎలా ఇస్తారు? సూదితోనా, మాస్కుతోనా? నిద్రపోయేవరకు తల్లి పక్కన ఉండొచ్చా? సూది గుచ్చేచోట తిమ్మిరి పుట్టించే క్రీము రాస్తారా? లేచాక నొప్పికి ఏం ఇస్తారు? తెలియకుండా బిడ్డకి నిజం చెప్పలేరు. నిజం చెప్పాలంటే ముందు దాన్ని తెలుసుకోవాలి.

ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?

"నొప్పి ఉంటుందా అమ్మా?" అని అడిగితే: "సూది గుచ్చేటప్పుడు చురుక్కుమంటుంది, కొంచెంసేపే. ఆపరేషన్ జరిగేటప్పుడు నీకు ఏమీ తెలియదు. లేచాక నొప్పి ఉంటుంది. చెప్పగానే మందిస్తారు. దాచుకోకుండా చెప్పు నాన్నా."

"నిద్రపుచ్చుతారు" అని మాత్రం వదిలేయకండి. తాత పోయినప్పుడు "నిద్రపోయాడు" అని చెప్పి ఉంటే, ఆ మాటే బిడ్డకి పిడుగు. "ఇది రాత్రి పడుకునే నిద్ర కాదు, మందుతో వచ్చే నిద్ర. మత్తు డాక్టరు నీ పక్కనే ఉండి నిన్ను చూసుకుంటూనే ఉంటారు. అయిపోగానే మందు ఆపేసి లేపుతారు" అని చెప్పండి.

"నేను చచ్చిపోతానా?" అని అడిగితే "ఛీ, అలాంటి మాటలనకూడదు" అని నోరు మూయించకండి. మూయిస్తే ప్రశ్న పోదు, బిడ్డ ఒంటరిదవుతుంది. దగ్గరికి తీసుకుని, "ఆ భయం వచ్చిందా? నాకూ కొంచెం భయంగానే ఉంది. నీకు ఏమీ కాకుండా చూడటానికే ఇంతమంది డాక్టర్లు, నర్సులు అక్కడ ఉంటారు. ఈ ఆపరేషన్ చేయించుకుని చాలామంది పిల్లలు ఇంటికెళ్లారు" అనండి. ఇది నిజమై ఉండాలి. కాబట్టి డాక్టర్ని ముందే అడిగి తెలుసుకోండి.

మీ చేతిలో ఉన్న మాటే ఇవ్వండి. లేచే గదిలోకి రానిస్తారో లేదో తెలియకుండా "కళ్లు తెరిస్తే నేనే కనపడతా" అనొద్దు. "తలుపు బయటే కూర్చుంటా, ఎక్కడికీ పోను" అనేది నిలబెట్టుకోగల మాట.

"భయపడకు, భయపడకు" అని పదేపదే అనడం వల్ల పిల్లల భయం తగ్గదు. చికిత్స గదుల్లో తల్లిదండ్రుల మాటల్ని గమనించిన పరిశోధకులు, ఆ మాటలు ఎక్కువైన చోట పిల్లల బెంగ కూడా ఎక్కువగా ఉందని చూశారు. ధ్యాస మళ్లించే మాటలు, ఆట, నవ్వు ఉన్నచోట తక్కువగా ఉంది. కాబట్టి బొమ్మకి ఆపరేషన్ ఆట ఆడించండి. డాక్టరు వేషం బిడ్డకే ఇవ్వండి. ఏ బొమ్మ తీసుకెళ్లాలి, ఏ చేతికి సూది అనే చిన్న ఎంపికలు తనకి వదలండి.

ఊపిరి నేర్పండి. సిద్ధార్థుడు చిన్నప్పుడే, నేరేడు చెట్టు నీడలో కూర్చుని మనసు నిలిపాడని సుత్తాల్లో ఉంది. పిల్లలకి ఆనాపానసతి అని పేరు పెట్టి చెప్పక్కర్లేదు. "వేడి అన్నం ముద్ద ఊదినట్టు మెల్లగా ఊదు" అంటే చాలు. వారం ముందునుంచి రోజూ రాత్రి మీరూ కలిసి ఊదండి. మాస్కు వచ్చినప్పుడు అదే ఊదుడు. ఈ ధైర్యాన్ని ఏ కత్తెరా తుంచలేదు.

చివరిగా, నిజం డాక్టరుకి కూడా చెప్పాలి. ఆపరేషన్ ముందు సాధారణంగా అన్నం, టిఫిన్, పాలు 6 గంటలు, తల్లిపాలు 4 గంటలు, మంచినీళ్లు 2 గంటలు ఆపుతారు. మీ డాక్టరు ఏం చెబితే అది పాటించండి. కడుపులో తిండి ఉంటే మత్తులో అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఆకలికి ఏడుస్తోందని చాటుగా ఒక బిస్కెట్ పెట్టి, అడిగితే "ఏం పెట్టలేదు" అనడం కూడా ప్రేమతో చేసే పనే. ప్రేమతో చెప్పిన అబద్ధం ప్రాణం తీయగలదు అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. పెట్టి ఉంటే చెప్పేయండి. ఆపరేషన్ వాయిదా పడుతుంది, అంతే.

శీలానికీ కరుణకీ గొడవ ఉందని మొదట్లో అనుకున్నాం. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ గొడవ లేదు. అబద్ధం తేలిక చేసేది బిడ్డ భయాన్ని కాదు, ఆ భయాన్ని చూడలేని మన కష్టాన్ని. బిడ్డ పక్కన కూర్చుని, ఆ భయాన్ని చూస్తూ, నిజం చెప్పి, చెయ్యి వదలకుండా ఉండటం కష్టమైన పని. నాలుగో శీలం మనల్ని అడుగుతున్నది ఆ కష్టాన్నే. మీ ఇంట్లో, మీ వాడలో ఏ బిడ్డయినా ఆపరేషన్‌కి సిద్ధమవుతుంటే ఈ కరపత్రం ఆ తల్లిదండ్రులకి చదివి వినిపించండి.

జై భీమ్! నమో బుద్ధాయ!